ఊరికి వచ్చిన వైద్యం

ఆపదలో ఉన్నవారికి సాయం చేయడం మంచి గుణమని పెద్దలు చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంటారు. ఆకలిగొన్నవారికి అన్నం, రోగికి మందు, చదువు లేనివారికి చదువు అందించాలన్న మాటను కాదనేవారు ఉండరు. అయితే ఆ సాయాన్ని ఎక్కడ అందించాలి, ఏ విధంగా అందించాలి, ఎవరిని అడిగి అందించాలి అని ఆలోచించేవారు తక్కువ. ఇచ్చేవారి మనసు మంచిదైతే చాలునని అనేకుల నమ్మకం. ఈ నమ్మకం పూర్తిగా సరైనది కాదు. పుచ్చుకునేవారి ఊరిని, భాషను, ఆచారాన్ని, అభిమానాన్ని పక్కకు నెట్టి చేసిన సాయం ఎంత ఖరీదైనదైనా వారికి అక్కరకు రాకుండా పోవచ్చు. ఒక్కొక్కప్పుడు అదే మరొక బాధకు కారణం కావచ్చు. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఎడారిలో నివసించే ఒక చిన్న జాతి అనుభవం ఈ సంగతిని స్పష్టంగా తెలియజేస్తుంది.

ఐరోపావారు ఆస్ట్రేలియాలో అడుగు పెట్టడానికి పదుల వేల సంవత్సరాల ముందు నుంచి అక్కడ నివసిస్తున్న ఆదివాసులను అబోరిజినల్ ప్రజలు అంటారు. వీరంతా ఒకే జాతివారు కారు. 1788లో బ్రిటిష్‌వారు అక్కడ వలస స్థాపించేనాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలు ఉండేవి. ఖండం మధ్యభాగంలోని పశ్చిమ ఎడారి ప్రజలలో పింటుపి జాతివారు ఒకరు. ఎర్రని ఇసుక తిన్నెలు, గట్టి గడ్డి దుబ్బులు, దూరదూరంగా నీటి చెలమలు ఉన్న ఆ నేలే వారి దేశం. ఏ చెలమ ఎక్కడ ఉందో, ఏ కొండను కాపాడే బాధ్యత ఏ కుటుంబానిదో, ఆ కొండకు సంబంధించిన కథ ఏదో వారికి తరతరాలుగా నోటిమాటగా అందుతూ వచ్చింది. నేల వారికి అమ్ముకునే ఆస్తి కాదు, బంధువు వంటిది. ‘ఉన్న ఊరు కన్నతల్లి’ అని తెలుగువారు చెప్పుకునే సామెత వారి జీవితానికి అక్షరాలా వర్తిస్తుంది.

20వ శతాబ్ది మధ్యకాలంలో పింటుపివారిలో అనేకులు ఎడారి నుంచి తూర్పున ఉన్న ప్రభుత్వ స్థావరాలకు చేరవలసి వచ్చింది. వాటిలో పపున్యా ఒకటి. అక్కడ ఇతర జాతులవారి నేల మీద పరాయివారుగా బతకడం వారికి రుచించలేదు. 1981లో చాలామంది పపున్యాను విడిచి పడమటికి తిరిగి వెళ్లి, తమ పూర్వుల నేల మీద కింటోర్ అనే ఊరిని ఏర్పరచుకున్నారు. వారి భాషలో ఆ ఊరి పేరు వలుంగురు. అది ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణానికి పడమటగా 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. దారిలో ఎక్కువ భాగం మట్టిబాట. ఆ తరువాత ఇంకా పడమటన కివిర్కురా అనే ఊరు వెలసింది. ఎంత కష్టమైనా సొంత నేల మీదనే ఉండాలన్న పట్టుదలతో పుట్టిన ఊళ్లు ఇవి.

1990ల నాటికి ఈ ఊళ్లకు ఒక కొత్త ఆపద వచ్చింది. నడివయసు దాటినవారిలో ఒకరి తరువాత ఒకరికి మూత్రపిండాలు చెడిపోసాగాయి. వేటాడి తెచ్చిన మాంసం, అడవిలో ఏరుకున్న కాయలు, గింజలు, దుంపలతో గడిచిన జీవితంలోకి తెల్లపిండి, చక్కెర, డబ్బాలలో నిల్వ చేసిన తిండి ప్రవేశించాయి. మధుమేహం పెరిగింది. ఇరుకు ఇళ్లలో చిన్నప్పటి నుంచి పదేపదే వచ్చే చర్మవ్యాధులు, తక్కువ బరువుతో పుట్టడం వంటివి కూడా మూత్రపిండాలకు చేటు చేస్తాయని వైద్యులు చెబుతారు. మూత్రపిండాలు పూర్తిగా చెడిపోయినవారికి మూత్రపిండం మార్పిడి జరగనంత కాలం యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేయించుకోవడమే దిక్కు. దీన్నే డయాలసిస్ అంటారు. సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగైదు గంటలు యంత్రం పక్కన ఉండాలి. మానివేస్తే కొద్దిరోజులలోనే ప్రాణం మీదికి వస్తుంది.

ఆ యంత్రాలు ఆ రోజుల్లో ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణంలో ఉండేవి. కాబట్టి జబ్బు పడినవారు ఊరు విడిచి పట్టణానికి చేరాలి. అది నెల రోజుల ప్రయాణం కాదు; బతికినంత కాలం అక్కడే ఉండాలి. పట్టణంలో వారికి ఇల్లు ఉండదు. చుట్టూ వినిపించే భాష వేరు. మనవలు దగ్గర ఉండరు. ఊరిలో దగ్గరి బంధువు చనిపోతే వెళ్లి తీరాలి. వెళితే చికిత్స తప్పుతుంది. చికిత్స తప్పినవారిని మళ్లీ ప్రమాదస్థితిలో విమానం మీద పట్టణానికి తరలించవలసి వచ్చేది. కొందరు చికిత్స మానుకొని సొంత నేల మీద కన్నుమూయడమే మేలనుకున్నారు. ఊళ్లకు జరిగిన నష్టం మరొకటి. కథలు, పాటలు, సంబంధాల వరుసలు తెలిసిన పెద్దలే ఒక్కొక్కరుగా వెళ్లిపోతుంటే, వాటిని పిల్లలకు చెప్పేవారు కరవయ్యారు.

ఇక్కడ ఒక సందేహం కలగవచ్చు. చికిత్స దొరుకుతోంది, ప్రభుత్వమే ఖర్చు భరిస్తోంది, వైద్యులు నిపుణులు, యంత్రాలు మంచివి. అయినా ఆ ప్రజలు ఆసుపత్రికి రావడానికి వెనుకాడితే తప్పు వారిది కాదా? పైపైన చూస్తే ఇది న్యాయమైన ప్రశ్నగానే కనిపిస్తుంది. కాని చరిత్ర తెలిసినవారు ఇంత తేలికగా తీర్పు చెప్పరు. 20వ శతాబ్దిలో 1970ల వరకు ఆస్ట్రేలియాలో చట్టాల అండతోనే అనేకమంది ఆదివాసి పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి ఆశ్రమాలకు, ఇతరుల ఇళ్లకు తరలించారు. పిల్లల మేలు కోసమే చేస్తున్నామని ఆనాటి అధికారులు చెప్పుకున్నారు. ఆ తల్లుల గోడును 1997లో ఒక జాతీయ విచారణ నివేదిక లోకానికి వెల్లడించింది. 2008 ఫిబ్రవరి 13న ఆనాటి ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటులో దేశం తరఫున క్షమాపణ చెప్పారు. ‘మీ మేలు కోసమే’ అన్న మాట విని బిడ్డలను పోగొట్టుకున్నవారు మళ్లీ అదే మాట వినిపించినప్పుడు జంకడంలో ఆశ్చర్యం లేదు. పోయిన నమ్మకం మంచి భవనాలు కట్టినంత మాత్రాన తిరిగి రాదు.

భాష రెండవ అడ్డంకి. ఉత్తర తీరంలోని డార్విన్ నగర శివారులో ఒక డయాలసిస్ కేంద్రం ఉంది. అక్కడ యోల్ంగు ఆదివాసి రోగులకు, వైద్య సిబ్బందికి మధ్య జరిగిన సంభాషణలను పరిశోధకులు పరిశీలించి 2002లో తమ ఫలితాలను ప్రచురించారు. జబ్బును గురించిన ముఖ్యమైన విషయాలను రెండు పక్షాలవారూ ఒకే విధంగా అర్థం చేసుకోవడం చాలా అరుదని తేలింది. అంతకంటే విచారించవలసింది మరొకటి ఉంది. తమ మాట ఎదుటివారికి అర్థం కాలేదన్న సంగతి కూడా అనేకసార్లు ఎవరికీ తెలియలేదు. వైద్యుడు అడుగుతాడు, రోగి మర్యాదకు తల ఊపుతాడు, వైద్యుడు సంతృప్తితో కాగితం మీద రాసుకుంటాడు. ఇద్దరూ ఒకరినొకరు మోసగించుకోలేదు. అయినా రోగి తన శరీరంలో ఏం జరుగుతోందో తెలియకుండానే ఇంటికి వెళతాడు.

మూడవది ఆచారం. పశ్చిమ ఎడారి ప్రజలలో అత్తగారూ అల్లుడూ ఎదురెదురుగా కూర్చోరాదు. చనిపోయినవారి పేరును కొంతకాలం ఎవరూ పలకరు. అదే పేరు గలవారు ఉంటే వారిని కూడా వేరొక పేరుతో పిలుస్తారు. కొన్ని విషయాలు స్త్రీలు స్త్రీలతోనే, పురుషులు పురుషులతోనే మాట్లాడాలి. ఈ సంగతులు తెలియని ఆసుపత్రిలో అత్త పక్కన అల్లుడికి మంచం వేస్తారు. చనిపోయినవారి పేరును గట్టిగా పిలుస్తారు. వరుస తప్పడం కంటే చికిత్స మానుకోవడమే మేలని రోగి లేచి వెళ్లిపోతే, ‘మాట వినని రోగి’ అని రాసిపెడతారు.

ఇటువంటి అనుభవాల నుంచే సాంస్కృతిక భద్రత అనే భావన పుట్టింది. న్యూజిలాండ్‌లోని మావోరి జాతికి చెందిన ఇరిహపెటి రామ్స్‌డెన్ అనే నర్సు 1980ల చివరి నుంచి ఈ భావనను రూపొందించి ప్రచారంలోకి తెచ్చారు. 1992 నుంచి ఆ దేశంలో నర్సుల చదువులో ఇది తప్పనిసరి అంశమైంది. ఆమె చెప్పినదాని సారాంశం ఇది: అందుతున్న సేవ తన గౌరవానికి భంగం కలిగించనిదేనా కాదా అని నిర్ణయించవలసింది దాన్ని పొందేవారు, ఇచ్చేవారు కాదు. నర్సు ముందుగా పరిశీలించుకోవలసింది రోగి వింత ఆచారాలను కాదు, తనలో పాతుకుపోయిన అభిప్రాయాలను, తన చేతిలో ఉన్న అధికారాన్ని. చూడటానికి ఇది చిన్న మార్పుగా తోచినా, ఆసుపత్రిలో ఎవరి మాట చెల్లాలన్న విషయాన్నే ఇది తలకిందులు చేస్తుంది.

పింటుపివారు ఈ భావనను పుస్తకాలలో చదివి నేర్చుకోలేదు. తమ అవసరం నుంచి తామే ఒక దారి వెతుక్కున్నారు. ఎడారి ఊళ్లలో యంత్రాలు నడపడం సాధ్యపడదన్న జవాబుతో వారు ఊరుకోలేదు. వారి చేతిలో ఒక విద్య ఉంది. 1970ల మొదట్లో పపున్యాలో మొదలైన చిత్రకళ అప్పటికే దేశదేశాలలో పేరు పొందింది. కింటోర్, కివిర్కురా ఊళ్ల స్త్రీలు, పురుషులు పెద్ద పెద్ద చిత్రాలు వేశారు. 2000 సంవత్సరం నవంబరులో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ కళామందిరంలో వాటిని, మరికొన్ని చిత్రాలను వేలం వేశారు. 10 లక్షల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా వసూలయ్యాయి. ఏ నేల నుంచి తమ పెద్దలు దూరమయ్యారో ఆ నేల కథలనే చిత్రించి, వారిని వెనుకకు తెచ్చుకోవడానికి ధనం సమకూర్చుకున్నారు.

ఆ ధనంతో తమ సొంత సంస్థను ఏర్పరచుకున్నారు. తమ కుటుంబాల వారందరికీ స్వస్థత చేకూర్చడం అన్నది వారి భాషలో ఆ సంస్థ పేరుకు అర్థం. 2004లో కింటోర్‌లోనే డయాలసిస్ మొదలైంది. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఆ సంస్థ నడిపే ఇంటికి ఊదారంగు వేయడం వల్ల అందరూ దాన్ని పర్పుల్ హౌస్ అని పిలవసాగారు. ఆ పేరే స్థిరపడింది. అక్కడ యంత్రాలతోపాటు పెరడు ఉంది. పెరట్లో నిప్పు రాజేసుకుని కంగారూ తోకలు కాల్చుకుంటారు. అడవి మూలికలతో లేపనాలు తయారుచేస్తారు. చికిత్స ముగిసినవారు కుటుంబంతో కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. 2011 నుంచి యంత్రాలు అమర్చిన ఒక లారీ కూడా ఎడారి ఊళ్లకు వెళ్లివస్తోంది. సొంత కేంద్రం లేని ఊరివారు ఒక చావుకో, వేడుకకో ఇంటికి వెళ్లి కొన్నాళ్లు ఉండి రావడానికి ఇది తోడ్పడుతుంది. కాలక్రమంలో ఈ సంస్థ పదిహేనుకు పైగా మారుమూల ఊళ్లకు డయాలసిస్‌ను చేర్చింది. సంస్థను నడిపే పాలకవర్గంలో ఉన్నది ఆ ఎడారి ప్రజలే.

ఈ చివరి విషయం అన్నిటికంటే ముఖ్యమైనది. నర్సులు బయటి నుంచి వచ్చినవారు కావచ్చు, ప్రభుత్వ ధనం కూడా అందవచ్చు. కాని ఏ ఊరికి ముందు యంత్రం రావాలి, ఇంటికి ముందుగా ఎవరు వెళ్లాలి, గదిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవచ్చు అన్న నిర్ణయాలు ఊరివారివి. ఈ మార్గం వీరితోనే మొదలు కాలేదు. 1971లో సిడ్నీ నగరంలోని రెడ్‌ఫెర్న్‌లో ఆదివాసులు తమ సొంత వైద్యశాలను స్థాపించుకున్నారు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో 1973లో ఏర్పడిన ఆదివాసుల సంస్థ కూడా ఆరోగ్యసేవలు నడుపుతోంది. ఆ దారి ఎంతటి మారుమూలకైనా చేరగలదని ఎడారి ప్రజలు నిరూపించారు.

ఇంత ఖర్చు తగునా అని అడిగేవారు ఉన్నారు. కొన్ని వందల జనాభా గల ఊరికి యంత్రం, నర్సు, విద్యుత్తు కావాలి. ఒక్కసారి చికిత్సకే వంద లీటర్లకు పైగా శుద్ధమైన నీరు కావాలి. ఎండ, దుమ్ము, పాడైన బాటలు సరేసరి. ఈ అభ్యంతరంలో నిజం లేకపోలేదు. కాని లెక్క వేసేటప్పుడు రెండు వైపులా వేయాలి. పట్టణంలో వసతి లేక రోగి పడే పాట్లు, తప్పిన చికిత్సలు, అత్యవసర విమాన ప్రయాణాలు, ఆసుపత్రి మంచాలు కూడా ఖర్చులే. పెద్దలు లేని ఊరిలో పిల్లలు కోల్పోయే భాషకు, చదువుకు వెల కట్టేవారు లేరు గనుక అవి లెక్కలోకి రావు. 2018 నవంబరు నుంచి ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య బీమా పథకమైన మెడికేర్, మిక్కిలి మారుమూల ప్రాంతాలలో నర్సులు, ఆదివాసి ఆరోగ్య కార్యకర్తలు చేసే డయాలసిస్‌కు ప్రత్యేకంగా సొమ్ము చెల్లిస్తోంది. చిత్రాలు అమ్మి మొదలుపెట్టిన పనిని ప్రభుత్వం కూడా తన బాధ్యతగా గుర్తించిందని దీనివల్ల తెలుస్తోంది.

మరికొందరు ఇంకొక ప్రశ్న వేస్తారు. దేశంలో అందరికీ ఒకే వైద్యం ఉండాలి గాని జాతికొక పద్ధతి ఎందుకని వారి వాదన. కింటోర్‌లో రక్తాన్ని శుద్ధి చేసే యంత్రం సిడ్నీలోని యంత్రం వంటిదే. సూది శుభ్రంగా ఉండాలన్న నియమం రెండుచోట్లా ఒక్కటే. వైద్యశాస్త్రంలో ఏ నియమాన్నీ సడలించమని పింటుపివారు కోరలేదు. రోగిని పిలిచే పిలుపు, మాట్లాడే భాష, కూర్చోబెట్టే చోటు తమకు తగినట్లు ఉండాలని మాత్రమే కోరారు. సిడ్నీలో ఇంగ్లీషు మాట్లాడే రోగికి ఇవన్నీ అడగకుండానే దొరుకుతున్నాయి. ఎడారి రోగి కోరినది కూడా వాటినే. కాబట్టి ఇది ప్రత్యేక భాగ్యం కాదు, సమానత్వమే.

అయితే ఊరికి యంత్రం వచ్చినంత మాత్రాన అన్నీ చక్కబడతాయని అనుకోరాదు. శస్త్రచికిత్సలకు, మూత్రపిండాల మార్పిడికి పెద్ద నగరాలకు వెళ్లక తప్పదు. ఎడారి ఊళ్లలో ఏళ్ల తరబడి ఉండగల నర్సులు దొరకడం సులభం కాదు. ముఖ్యంగా మంచి ఇళ్లు, మంచి నీరు, అందుబాటు ధరలకు తాజా తిండి లభించనంత కాలం కొత్త రోగులు వస్తూనే ఉంటారు. రోగాన్ని పుట్టించే కారణాలను వదిలి యంత్రాల సంఖ్యను పెంచుకుంటూ పోవడం, ఓటికుండకు నీళ్లు పోసినట్లే అవుతుంది. ఇక ఆసుపత్రి గోడకు ఒక ఆదివాసి చిత్రం తగిలించి, సిబ్బందికి ఒకపూట శిక్షణ ఇచ్చి, సాంస్కృతిక భద్రత కల్పించామని చెప్పుకునేవారి సంగతి చెప్పనక్కరలేదు. గోడమీది బొమ్మ మారింది గాని మాట చెల్లేవారు మారలేదు.

మారుమూల ప్రజలకు సేవ చేయదలచినవారు గ్రహించవలసినవి కొన్ని ఉన్నాయి. మొదట అడగాలి, తరువాత చేయాలి. ఊరివారి భాష తెలిసినవారిని, అక్కడి పుట్టుక గలవారిని జీతమిచ్చి పనిలో చేర్చుకోవాలి. దుబాసీని పిలవడం అనవసరపు ఖర్చని భావించకూడదు. నేడు వచ్చి రేపు వెళ్లిపోకుండా చాలాకాలం నిలవాలి. ఎందుకంటే నమ్మకం నెమ్మదిగా పెరుగుతుంది. అన్నిటికీ మించి, ‘వద్దు’ అని చెప్పే హక్కు ఊరివారికి ఉండాలి. వద్దనే హక్కు లేనిచోట వారు చెప్పే ‘సరే’కు విలువ లేదు.

ఇంట్లో తెలుగు, వీధిలో మరొక భాష వినే పిల్లలకు ఈ సంగతి కొంతవరకు అనుభవంలోనిదే. కార్యాలయంలోనో ఆసుపత్రిలోనో అవ్వకు అర్థం కాని మాటను మనవడో మనవరాలో తెలుగులో చెప్పవలసి వచ్చే ఇళ్లు రాష్ట్రం వెలుపలి తెలుగువారిలో ఉన్నాయి. ఆదివాసులు పోగొట్టుకున్నదానితో దీన్ని పోల్చడం తగదు. వారి కష్టం చాలా పెద్దది. కాని నొప్పిని సొంత భాషలో చెప్పుకోగలిగినప్పుడు కలిగే ఊరట ఎటువంటిదో ఈ పిల్లలు సులభంగా ఊహించగలరు. వీరిలో కొందరు రేపు నర్సులు, వైద్యులు, ఉపాధ్యాయులు, అధికారులు అవుతారు. వారి ఎదుట తమ భాష రాని ఒక ముసలివాడో, అడవి ఊరి తల్లో నిలబడే రోజు తప్పక వస్తుంది. ఆనాడు ఆ మనిషికి ఏం కావాలో తామే నిర్ణయించకుండా, ముందు కూర్చోబెట్టి, వారి మాట తెలిసినవారిని పిలిపించి, ఓపికగా అడిగి తెలుసుకోవాలి. కింటోర్ ప్రజలు ఎన్నో ఏళ్లు శ్రమపడి సాధించుకున్నది ఆ పాటి గౌరవాన్నే.